అసలైన వసాబి: ఏది కొనాలి, ఎలా తురమాలి, కుండీలో పెరుగుతుందా?

తొలకరిఆకు

కిందటేడు జపాన్ వెళ్ళినప్పుడు ఇజు ద్వీపకల్పంలోని కవాజులో వసాబి దోన్ తిన్నాను, అంటే వసాబి అనే ఘాటైన దుంపను తురిమి అన్నం మీద వేసుకునే వంటకం. గిన్నెలో వేడి అన్నం, మీద ఎండు బోనిటో చేప తురుము, పక్కన ఒక పచ్చి వసాబి దుంప, చిన్న గ్రేటర్. ఎవరిది వాళ్ళే తురుముకోవాలి. తురిమి అన్నం మీద పెట్టుకుని, కాస్త సోయా సాస్ చుక్కలు వేసుకుని తిన్నాను. ఘాటు నషాళానికంటింది. కానీ నాలుగు సెకన్లలో ఏమీ లేనట్టు పోయింది. పోయాక నోట్లో సన్నటి తీపి, అప్పుడే కోసిన ఆకు వాసన మిగిలాయి.

ఇంటికొచ్చాక అదే రుచి కోసం ఒక ట్యూబు, ఒక పొడి డబ్బా కొన్నాను. రెండూ ముక్కు మండించాయి గానీ ఆ రుచి లేదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదివితే హార్స్‌రాడిష్ (అదో ఘాటైన వేరు), ఆవపొడి, పిండి, రంగు అని ఉంది. వసాబి అన్న మాట డబ్బా ముందు వైపు మాత్రమే ఉంది. చాలా బాధేసింది.

అసలైనది కొనాలంటే ఏం చూడాలి? పచ్చి దుంప దొరికితే ఎలా వాడాలి? ఇంట్లో పెంచడం నిజంగా కుదురుతుందా? ఈ మూడూ తెలిసినవాళ్ళు చెప్పండి.

---

రెండోముద్ద

ట్యూబుల విషయం నేను చెబుతాను, చాలా ఏళ్ళుగా లేబుళ్ళు చదువుతున్నాను.

జపాన్‌లో తయారైన ట్యూబు మీద రెండు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. 'హోన్ వసాబి షియో' అని ఉంటే, అందులోని వసాబిలో సగం, అంతకన్నా ఎక్కువ అసలుది. 'హోన్ వసాబి ఇరి' అని ఉంటే సగం కన్నా తక్కువ. హోన్ అంటే అసలు, షియో అంటే వాడినది, ఇరి అంటే కలిపినది. ఆ భాష చదవలేకపోతే ఆ రెండు మాటల అక్షరాలూ ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి, నేను అలాగే మొదలుపెట్టాను.

ఈ రెండూ లేకపోతే వెనక పదార్థాల వరుస చూడండి. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. 'సెయియో వసాబి' అని మొదట ఉంటే అది హార్స్‌రాడిష్. ఆ మాటకు అర్థం పడమటి దేశాల వసాబి అని, అంతే.

పొడిలో అసలుది కూడా ఉంది, ఫ్రీజ్ డ్రై చేసి అమ్ముతారు. లేబుల్ మీద వసాబి శాస్త్రీయ నామం యూట్రిమా జపోనికమ్ అనో, పాత పేరు వసాబియా జపోనికా అనో ఉండాలి. ఆ పేరు లేకుండా ఉత్త 'వసాబి పొడి' అంటే నేను కొనను.

---

గాజుబీకరు

తొలకరిఆకు గారూ, మీ నాలుక మిమ్మల్ని మోసం చెయ్యలేదు. మీరు చెప్పిన 'నాలుగు సెకన్ల' తేడా నిజమైనదే.

వసాబి, హార్స్‌రాడిష్, ఆవాలు, క్యాబేజీ అన్నీ ఒకే కుటుంబం. దుంప కొయ్యకుండా ఉన్నంతసేపూ అందులో ఘాటు ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరేచోట విడివిడిగా ఉంటాయి. తురిమినప్పుడు కణాలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేది అల్లైల్ ఐసోథయోసైనేట్. ఇది ఇట్టే ఆవిరవుతుంది, అందుకే నాలుక కన్నా ముక్కుకు ఎక్కువ తగులుతుంది, తొందరగా పోతుంది. మిరపకాయ కారం నూనెలో కరిగే రకం, నాలుకను పట్టుకుని వదలదు.

ఈ అల్లైల్ ఐసోథయోసైనేట్ హార్స్‌రాడిష్‌లోనూ ఉంది, కాబట్టి మంట ఒకేలా అనిపిస్తుంది. కానీ వసాబిలో దీనితో పాటు 6-మిథైల్‌థయోహెక్సైల్ ఐసోథయోసైనేట్ లాంటి ఇంకొన్ని ఉంటాయి. మీరు చెప్పిన పచ్చి ఆకు వాసన చాలావరకు వాటిదే.

ఇంకో మాట. ఈ ఆవిరి ఎంత గట్టిదంటే, చెవులు వినబడనివాళ్ళు నిద్రలో ఉన్నప్పుడు అగ్నిప్రమాదం జరిగితే లేపడానికి వసాబి ఘాటు వదిలే అలారం తయారుచేశారు జపాన్ పరిశోధకులు. 2011లో రసాయనశాస్త్రంలో ఇగ్ నోబెల్ (నవ్వించి, ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) వాళ్ళకే వచ్చింది.

---

తొలకరిఆకు

గాజుబీకరు గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. అయితే ట్యూబులోది ఎప్పుడో తురిమిన వసాబి కదా. అసలుది అయినా, ఆ ఆవిరి ఇంకా మిగిలి ఉంటుందా?

---

గాజుబీకరు

పచ్చి దుంపలో ఉన్నంత ఉండదు. పచ్చిది తురిమాక ఘాటు అయిదు నిమిషాలకు బాగా పైకొస్తుంది, పదిహేను, ఇరవై నిమిషాలు దాటితే దిగిపోతుంది. ట్యూబులో దాన్ని ఆపడానికి నూనె, పిండి, సార్బిటాల్ లాంటివి కలుపుతారు. కొన్నిటికి ఘాటు విడిగా కూడా చేరుస్తారు. మంచి ట్యూబు తప్పేం కాదు, కానీ కవాజులో మీరు తిన్నది అందులో దొరకదు.

---

కత్తిపలక

నేను జపనీస్ వంటశాలలో పదకొండేళ్ళు పనిచేశాను. పచ్చి దుంప గురించి రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కొనేటప్పుడు: దుంప గట్టిగా, బరువుగా ఉండాలి. ఒంటి మీద గుండ్రటి మచ్చలు వరుసగా ఉంటాయి, అవి రాలిపోయిన ఆకు కాడల గుర్తులు. మచ్చలు దగ్గరదగ్గరగా, సమానంగా ఉంటే మొక్క నెమ్మదిగా, ఒకే చల్లదనంలో పెరిగిందని అర్థం. దూరం దూరంగా ఉంటే తొందరగా సాగింది, లోపల పీచు ఎక్కువ ఉంటుంది. మెత్తబడినా, కోసిన చోట నల్ల చారలున్నా వద్దు. ఊరికే పెద్ద దుంప కావాలని ఎగబడకండి. ఇంటికి 60, 70 గ్రాములది చాలు.

రకాల్లో మజుమా, దరుమా అని రెండు పేర్లు తరచూ వింటారు. మజుమా కాడల్లో ఊదా రంగు ఉంటుంది, వాకయామా ప్రాంతం నుంచి వచ్చిన రకం, ఘాటూ తీపీ రెండూ లోతుగా ఉంటాయి. దరుమా ఆకుపచ్చగా ఉంటుంది, పెంచేవాళ్ళకు సులువు.

తురిమేటప్పుడు: ఆకుల వైపు నుంచి మొదలుపెట్టండి. కాడల మొదళ్ళను పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ చెక్కెయ్యండి. ఒంటి మీది బుడిపెలను కత్తి వీపుతో గీకి, బ్రష్‌తో కడగండి. మొత్తం తొక్క తీయక్కర్లేదు, తొక్క కిందే వాసన ఎక్కువ. తర్వాత గ్రేటర్ మీద నిటారుగా పట్టుకుని, ఒత్తిడి పెట్టకుండా గుండ్రంగా తిప్పండి. 'నో' అనే జపనీస్ అక్షరం రాస్తున్నట్టు తిప్పమని అక్కడ నేర్పుతారు. వసాబిని నవ్వుతూ నూరాలి అని వాళ్ళ సామెత కూడా ఉంది. కోపంగా ఉన్నవాడు గట్టిగా రుద్దుతాడు, గట్టిగా రుద్దితే ముక్కలు పెద్దవై కణాలు సరిగ్గా పగలవు.

మొత్తం తురిమాక కుప్పగా చేసి, కత్తి వీపుతో రెండుమూడు సార్లు తట్టి, మీద చిన్న గిన్నె బోర్లించండి. మూడు నుంచి అయిదు నిమిషాలు. అప్పుడు తినండి. మళ్ళీ కావాలంటే మళ్ళీ తురమండి, ముందే తురిమి పెట్టుకోవద్దు.

తినేటప్పుడు సోయా సాస్‌లో కలిపెయ్యకండి. చేప ముక్క మీద పెట్టి, ముక్క అంచు మాత్రం సాస్‌లో ముంచండి. కొవ్వున్న మాంసం మీదైతే ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి, కొవ్వు ఘాటును అణిచేస్తుంది.

---

చిన్నసెగ

వసాబికి సొరచేప తోలు గ్రేటర్ వాడతారని విన్నాను, అది తప్పనిసరా? నా దగ్గర స్టీలు మైక్రోప్లేన్ (సన్నటి పదునైన పళ్ళున్న గ్రేటర్) ఉంది, సన్నగానే వస్తుంది.

---

కత్తిపలక

మైక్రోప్లేన్ కోస్తుంది, నూరదు. సన్నటి పోగులు వస్తాయి గానీ మీగడలాంటి ముద్ద రాదు. సమెగావా ఒరోషి అంటే చెక్క మీద అతికించిన చేప తోలు, గరుకు కాగితంలా ఉంటుంది. దాని మీద వసాబి నిజంగా ముద్దవుతుంది. అది లేకపోతే సన్నటి పళ్ళున్న పింగాణీ గ్రేటర్ రెండో మేలు. స్టీలుతో తురిమితే కత్తి వీపుతో కాసేపు ఎక్కువ తట్టండి, తేడా కొంత తగ్గుతుంది.

తోలు గ్రేటర్‌ను సబ్బుతో, వేడినీళ్ళతో కడగొద్దు. చన్నీళ్ళతో బ్రష్ చేసి నీడన ఆరబెట్టాలి. నాది తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది.

---

రెండోముద్ద

నిల్వ సంగతి కూడా చెప్పండి. మొదటిసారి నేను తెప్పించిన దుంపను పొడి కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో వదిలేశాను. వారానికే వాడిపోయి, ఒక పక్క బంక పట్టింది. ఏడుపొచ్చింది.

---

కత్తిపలక

తడి పేపర్ టవల్ చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజులకోసారి చన్నీళ్ళలో కడిగి పేపర్ మార్చండి. కోసిన ముఖం నల్లబడితే పల్చగా ఒక పొర తీసెయ్యండి. ఇలా మూడు వారాలు బాగా ఉంటుంది. ఇంకా మిగిలిపోతే దుంపను అలాగే గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు కరగనివ్వకుండా గడ్డకట్టినదాన్నే తురమాలి. కరిగితే దూదిలా అయిపోతుంది. రుచి పచ్చిదానంత ఉండదు, ట్యూబు కన్నా చాలా మేలు.

---

ఉప్పురాయి

ఒక మాట అనాలనిపించింది. హార్స్‌రాడిష్‌ను అందరూ దొంగలా చూస్తున్నారు. అది మంచి వేరు, దాని రుచి దానిది. తప్పు దానికి ఆకుపచ్చ రంగు పూసి ఇంకో పేరు పెట్టడంలో ఉంది. లేబుల్ నిజం చెబితే నాకు ఏ ఫిర్యాదూ లేదు.

---

తొలకరిఆకు

నిజమే ఉప్పురాయి గారూ.

చల్లటి ప్రాంతంలో పెంచి పంపే ఒక రైతు దగ్గర నుంచి దుంప తెప్పించుకున్నాను. కత్తిపలక గారు చెప్పినట్టు పింగాణీ గ్రేటర్ మీద గుండ్రంగా తిప్పి, గిన్నె బోర్లించి, గడియారం పెట్టుకుని నాలుగు నిమిషాలు ఆగాను. అదే రుచి! ముందు ఘాటు, తర్వాత తీపి, ఆకు వాసన. అరగంట తర్వాత మిగిలిన ముద్ద రుచి చూస్తే ఉత్త ముల్లంగి తురుములా ఉంది. గాజుబీకరు గారు చెప్పింది కళ్ళారా చూశాను.

ఇక మూడో ప్రశ్న. పెంచాలని ఉంది. ఎంత కష్టమైనా ఒకసారి ప్రయత్నిస్తాను.

---

నీడమడి

నేను వసాబి పెంచడం మొదలుపెట్టి ఆరేళ్ళు. మొదటి రెండు సార్లు మొక్కలన్నీ చచ్చిపోయాయి. ఆ రెండు సార్లూ నేను చేసిన పొరపాటు ఒకటే, వసాబిని నీటి మొక్క అనుకున్నాను. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

జపాన్‌లో పెంపకం రెండు రకాలు. సావా వసాబి పారే నీళ్ళలో పెరిగేది. హతాకే వసాబి మామూలు మట్టిలో పెరిగేది. ఫొటోల్లో మనం చూసేవన్నీ మొదటి రకం. షిజుఓకా ప్రాంతంలో (ఇజు కూడా అందులోదే) కొండవాలు మీద మెట్లు మెట్లుగా మడులు ఉంటాయి. ఇజులో తతామిఇషి అనే పద్ధతిలో అడుగున పెద్ద రాళ్ళు, మీద చిన్న రాళ్ళు, ఆ పైన ఇసుక పేరుస్తారు. ఊటనీరు పైనుంచి పల్చగా పారుతూ, రాళ్ళలోకి దిగి, కింది మెట్టుకు వెళ్తుంది. షిజుఓకాలోనే ఇంకోచోట ఉన్న ఉతోగి అనే ఊళ్ళో 400 ఏళ్ళ కిందట సాగు మొదలైందని, ఆ వసాబిని అప్పటి జపాన్ పాలకుడు తొకుగావా ఇఎయాసుకు సమర్పించారని చెబుతారు. 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థగా షిజుఓకా వసాబి సాగును గుర్తించారు.

అక్కడ నీళ్ళు చేసే పని చూడండి. ఏడాది పొడుగునా వేరును 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంచుతాయి. వేరుకు గాలి అందిస్తాయి. మొక్క తన చుట్టూ వదిలే ఘాటు పదార్థాన్ని కడిగేస్తాయి, అది పేరుకుంటే మొక్క ఎదుగుదలే తగ్గుతుంది. నీటి మడిలో దుంప పెద్దగా ఊరడానికి ఇది కారణమని అంటారు. అంటే దానికి కావలసింది చలువ, గాలి, కదలిక. నిలవ నీరు కాదు! నేను తొట్టెలో నీళ్ళు నింపి అందులో మొక్కలు పెట్టాను. పది రోజుల్లో వేళ్ళు గోధుమరంగుకు మారి కుళ్ళిపోయాయి.

ఇంటికి కుదిరేది హతాకే పద్ధతి, అంటే కుండీ. దుంప చిన్నగా వస్తుంది, కానీ రుచి అసలుదే.

కుండీ కనీసం 25 సెంటీమీటర్ల లోతు, మట్టిదైతే మంచిది, ఒంట్లోంచి చెమ్మ ఆరుతూ చల్లగా ఉంటుంది. మట్టిలో మూడో వంతు ముతక ఇసుకో, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలో కలపండి, బాగా మాగిన ఎరువు కొంచెం. పీహెచ్ 6 నుంచి 7 మధ్య. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, పిండితే నీళ్ళు కారకూడదు. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వొద్దు.

నేరుగా ఎండ అసలు వద్దు. 70, 80 శాతం షేడ్ నెట్, లేదా ఉత్తరం గోడ నీడ. నగానోలోని అజుమినోలో దాయిఓ వసాబి తోట చూశాను, 1915లో మొదలైనది. అంత చల్లటి ఊటనీరు పారుతున్నా ఎండాకాలం వచ్చేసరికి మడులన్నిటి మీదా నల్లటి నెట్ కప్పేస్తారు. వాళ్ళకే అంత అవసరమైతే మన కుండీకి ఎంత కావాలి!

ఇక అసలు పరీక్ష వేడి. గాలి 8 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే మొక్క హాయిగా ఉంటుంది. 27 దాటి రోజుల తరబడి ఉంటే వాడుతుంది, ఆ వెనకే కుళ్ళు వస్తుంది. అటు మైనస్ 3 దాటినా ఆకులు పోతాయి. మీ ఎండాకాలపు రాత్రులు 20 కిందికి దిగకపోతే, చల్లటి గదీ లైటూ లేకుండా మొదలుపెట్టొద్దని నా సలహా. ఉత్సాహం చల్లార్చాలని కాదు. రెండేళ్ళు పెంచే మొక్క రెండు వారాల వేడికి పోతే ఆ బాధ నాకు తెలుసు.

---

చిన్నసెగ

రెండేళ్ళా?

---

నీడమడి

18 నుంచి 24 నెలలు. కుండీలో రెండో లెక్కే వేసుకోండి. ఎందుకంటే ఆ దుంప వేరు కాదు, కాండం. కింది ఆకులు ఒక్కొక్కటే రాలుతూ, పైన మొవ్వు నుంచి కొత్తవి వస్తూ, అలా అంగుళం అంగుళం పైకి పేరుకుంటుంది. కత్తిపలక గారు చెప్పిన గుండ్రటి మచ్చలు ఆ వయసు గుర్తులే.

---

పైరగాలి

విత్తనాలు ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనిపిస్తున్నాయి. వాటితో మొదలుపెట్టొచ్చా?

---

నీడమడి

వద్దండి. వసాబి విత్తనం ఎండితే చచ్చిపోతుంది. తడి ఆరకుండా చలిలో దాచాలి, ఆ తర్వాత కూడా నిద్ర వదిలి మొలవడానికి చాలా సమయం తీసుకుంటుంది. పొడి పొట్లంలో వచ్చే విత్తనం మొలవదు, మొలిచినా అది ఆవ మొక్కో ఇంకేదో అయి ఉంటుంది. నేనూ ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను.

పిలకలు గానీ, టిష్యూ కల్చర్ (ల్యాబులో మొక్క ముక్క నుంచి పెంచిన) మొక్కలు గానీ కొనండి. టిష్యూ కల్చర్‌వి తెగుళ్ళు లేకుండా వస్తాయి, కానీ లేతగా ఉంటాయి. రాగానే కుండీలో పెట్టేసి బయట వదలకుండా, వారం పది రోజులు తేమగా నీడలో అలవాటు చెయ్యండి. మొదటిసారికి దరుమా మేలు.

నాటేటప్పుడు మొవ్వు మట్టిలో కప్పబడకూడదు. ఇది మరిచిపోవద్దు.

---

తొలకరిఆకు

మూడు దరుమా మొక్కలు వచ్చాయి, టిష్యూ కల్చర్‌వి. ఒక్కోటి నాలుగాకులతో అరచేతిలో పట్టేంత ఉంది. ఇంట్లో ఉత్తరం వైపు నీడలో పెట్టాను. ఆకులు గుండె ఆకారంలో ఎంత ముద్దుగా ఉన్నాయో!

---

తొలకరిఆకు

అయిదు వారాలయింది. టెన్షన్‌గా ఉంది, త్వరగా చెప్పండి. రోజూ మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడిపోతున్నాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పోస్తున్నాను. ఇవాళ ఒక మొక్కలో నడిమి ఆకు పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలు మెత్తగా ఉంది, వాసన వస్తోంది.

---

నీడమడి

ముందు నీళ్ళు ఆపండి.

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచే ఆకు దప్పికతో ఉన్నట్టు కాదు. అంత పెద్ద ఆకు వేడికి తనను తాను కాపాడుకునే తీరు అది. చల్లబడ్డాక లేవకపోతేనే అనుమానించాలి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి పెట్టి చూడండి, తడిగా ఉంటే నీళ్ళు పొయ్యొద్దు.

ఊడొచ్చిన మొక్కకు మొవ్వు కుళ్ళు. నీళ్ళు మొవ్వులోకి పోశారా? చెంబుతో పైనుంచి పోస్తే అలాగే అవుతుంది. కుండీ అంచున పొయ్యాలి. ఆ మొక్కను మట్టితో సహా తీసేసి దూరంగా పారెయ్యండి, ఆ కుండీ కడగకుండా వాడొద్దు, కత్తెర కూడా కడగండి. మిగతా రెండింటినీ దూరంగా జరిపి, గాలి ఆడేలా పెట్టండి. కింద పసుపెక్కిన ఆకులు తీసెయ్యండి.

వేడి తగ్గించడానికి నేను చేసేది: చిన్న కుండీని పెద్ద మట్టికుండీలో పెట్టి మధ్య ఖాళీని తడి ఇసుకతో నింపుతాను. ఇసుక మాత్రం తడుపుతూ ఉంటాను. వేరు దగ్గర మూడు నాలుగు డిగ్రీలు తగ్గడం థర్మామీటర్‌తో చూశాను.

---

తొలకరిఆకు

పైనుంచే పోశాను. నా చేతులతో నేనే చంపాను దాన్ని. మిగతా రెండింటికి తడి ఇసుక కుండీ చేశాను.

---

పైరగాలి

బాధపడకండి, నా మొక్కను క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక పురుగులు ఒక్క రాత్రిలో తినేశాయి, కాడలు మాత్రం మిగిలాయి. క్యాబేజీ కుటుంబం కదా, అవి వెతుక్కుంటూ వస్తాయి. ఇప్పుడు సన్నటి వల కప్పుతున్నాను. పేనుబంక కనిపిస్తే నీళ్ళ స్ప్రేతో కడిగేస్తాను. చిప్పలేని నత్తలకు మాత్రం రాత్రి టార్చ్ పట్టుకుని చేత్తో ఏరడం తప్ప వేరే దారి దొరకలేదు.

---

గాజుబీకరు

ఎరువు గురించి చిన్న సూచన. ఘాటు పదార్థాలన్నిటిలో గంధకం ఉంది. మట్టిలో గంధకం లేకపోతే దుంప బాగా ఊరినా చప్పగా ఉంటుంది. నెలకోసారి ద్రవ ఎరువు పల్చగా ఇస్తూ, దానిలో ఎప్సమ్ సాల్ట్ చిటికెడు కలపండి, అందులో మెగ్నీషియంతో పాటు గంధకం ఉంటుంది. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కుళ్ళూ పెరుగుతుంది.

---

తొలకరిఆకు

పద్నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఇక్కడికి వచ్చాను. రెండు మొక్కలూ ఉన్నాయి! ఎండాకాలంలో ఒకటి ఆకులన్నీ రాల్చేసింది, పోయిందనుకున్నాను. కానీ మొవ్వు గట్టిగానే ఉంది. చలి రాగానే మళ్ళీ చిగురించింది. ఇప్పుడు రెండిటికీ పూమొగ్గలు వచ్చాయి, నాలుగు రేకుల చిన్న తెల్ల పూలు. పెద్దదాని మొదట్లో మూడు పిలకలు. వేలితో మట్టి తీసి చూస్తే దుంప నా బొటనవేలంత లావుంది.

పీకెయ్యాలా? పూలు ఉంచాలా, తుంచాలా?

---

నీడమడి

చాలా సంతోషంగా ఉంది. పీకొద్దు. ఇప్పుడు తీస్తే రెండుసార్లు తురిమేంత వస్తుంది, పైగా రుచి పలచన. ఇంకో చలికాలం ఉంచండి. తీసిన మట్టి మళ్ళీ కప్పండి, మొవ్వు మీద పడకుండా. పిలకలు ఇప్పుడే విడదీయొద్దు, దుంప తీసే రోజు వాటిని వేరుచేసి నాటుకుంటే అవే మీ తర్వాతి పంట.

పూకాడలు మాత్రం కొయ్యండి, మొక్క బలం దుంపకు వెళ్తుంది. కోసినవి పారెయ్యకండి. ఏం చెయ్యాలో కత్తిపలక గారు చెబుతారు.

---

కత్తిపలక

హనా వసాబి అంటారు వాటిని, జపాన్‌లో వసంతంలో ఎదురుచూసే కూర అది. దుంప కోసం రెండేళ్ళు ఆగేవాళ్ళు మొదటి ఏడాది నుంచే ఆకులు, కాడలు, పూలు తినొచ్చన్న సంగతి ఎవరూ చెప్పరు. షిజుఓకాలో వసాబి జుకే అని, సన్నగా తరిగిన కాడలు, దుంప ముక్కలను సాకే అనే బియ్యపు మద్యం వడకట్టాక మిగిలిన పిప్పిలో ఊరబెడతారు, అదీ చాలా బాగుంటుంది.

మీ కొద్దిపాటికి ఇలా చెయ్యండి. పూకాడలు, కొన్ని లేత ఆకు కాడలు రెండు అంగుళాల ముక్కలుగా కోసి, చిటికెడు ఉప్పూ చిటికెడు చక్కెరా వేసి చేత్తో నలపండి. జల్లెడలో పెట్టి 80 డిగ్రీల నీళ్ళు గబగబా పొయ్యండి. మరిగే నీళ్ళు వద్దు, మరిగితే ఎంజైమ్ చచ్చిపోయి ఘాటు రాదు. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్ళలో నాలుగో వంతు చన్నీళ్ళు కలపండి, దాదాపు సరిపోతుంది. వెంటనే నీళ్ళు వంపేసి, వేడిగా ఉండగానే గాజు సీసాలో వేసి మూత బిగించి, గట్టిగా ఊపండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తియ్యండి. సోయా సాస్ చుక్క వేసుకుంటే చాలు. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి.

---

చిన్నసెగ

చక్కెర ఎందుకండీ?

---

కత్తిపలక

ఉప్పూ చక్కెరా గీరుకుని కాడలు కొద్దిగా నలుగుతాయి, చేదు రసం బయటికొస్తుంది. మా పెద్ద వంటాయన అలా చేసేవారు, నేనూ అలాగే చేస్తాను.

---

తొలకరిఆకు

చేశాను. తొమ్మిది పూకాడలు, నాలుగు ఆకు కాడలు. నీళ్ళు 78 డిగ్రీలు చూపించాయి. రాత్రంతా సీసా ఫ్రిజ్‌లో ఉంది. ఇవాళ పొద్దున ముఖం దూరంగా పెట్టే మూత తీశాను, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాడ కరకరలాడింది. నమిలిన రెండు క్షణాలకు ఘాటు ముక్కుకెక్కి, పోయింది, వెనకాల ఆ ఆకు వాసన వచ్చింది. కవాజులో అన్నం మీద తిన్నప్పుడు వచ్చిన వాసనే.

దుంపల మీద మట్టి కప్పేశాను. చచ్చిపోయిన మూడో మొక్క కుండీని కడిగి ఆరబెట్టాను, పిలకల కోసం.